బరువు తగ్గించే పథ్యాలు – ఒక శాస్త్రీయ పరిశీలన

తెలుగు సంఘాల ఉగాది విందులలో ఇటీవలి సంవత్సరాలలో ఒక కొత్త దృశ్యం తరచుగా కనిపిస్తున్నది. వరుసలో నిలబడినవారిలో ఒకరు పులిహోరనూ దద్దోజనాన్నీ దాటవేసి, కోడి వేపుడుతోనూ నేతితోనూ సరిపెట్టుకుంటారు. ఆయన వెనుకనున్నావిడ నూనె తేలిన గుత్తివంకాయను చూచి చేయి వెనక్కు తీసుకుంటారు. మరొకరు గడియారం వంక చూచి, రాత్రి ఎనిమిది దాటింది గనుక ఇక రేపు మధ్యాహ్నమే భోజనమని చెప్పి, మంచినీళ్ళ గ్లాసుతో కూర్చుంటారు. ముగ్గురూ విద్యావంతులే. తమ పథ్యానికి శాస్త్రాధారం ఉన్నదని ముగ్గురూ నమ్ముతారు. మొదటి నెలలో నాలుగైదు కిలోలు తగ్గామని ముగ్గురూ చెబుతారు. ఒకరు విషమని తోసివేసిన పదార్థమే మరొకరికి ఔషధమైనప్పుడు, అందరికీ ఒకే ఫలితం ఎలా వచ్చింది? వచ్చినది ఎంతకాలం నిలుస్తుంది? అన్నిటినీ మించి, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో నలభై ఏళ్ళు నిండకుండానే మధుమేహం కనిపిస్తున్న ఈ రోజులలో, వీటిలో దేనిని నమ్మవచ్చు?

కొలబద్ద ఏది?

పథ్యాన్ని తూచబోయే ముందు తూనికరాయి నిజమైనదో కాదో చూచుకోవాలి. ఈ విషయంలో తెలుగువారు దూరం వెళ్ళనక్కరలేదు. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించడానికి నెలకొల్పిన చిన్న ప్రయోగశాల క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరుతో వ్యవహరింపబడుతున్నది. బెరిబెరి అన్నది బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యమే ప్రధానాహారంగా తినేవారికి థయామిన్ లోపం వలన కలిగే జబ్బు. తెల్ల అన్నం తెచ్చిన చిక్కుతో పుట్టిన సంస్థ వందేళ్ళ తరువాత కూడా తెల్ల అన్నాన్ని గురించే హెచ్చరించవలసి రావడం విచిత్రమే.

ఈ సంస్థ 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలను సవరించి ప్రకటించింది. రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే వ్యక్తి పళ్ళెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, బాదం, నువ్వులు వంటి గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు ఉండాలని అది సూచించింది. ఇవన్నీ వండకముందు తూకాలు. మాంసాహారులు పప్పులలో కొంత భాగానికి బదులు గుడ్డు, చేప, మాంసం తీసుకోవచ్చు. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదన్నది ఈ లెక్కలోని ముఖ్య సూత్రం.

దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన కొన్ని హద్దులను చేర్చుకుంటే కొలబద్ద పూర్తవుతుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములకు లోపు, అంటే తలకొట్టిన ఒక చిన్న చెంచా. విడిగా చేర్చిన చక్కెర మొత్తం శక్తిలో పదవ వంతుకు లోపు, వీలైతే ఇరవయ్యో వంతుకు లోపు. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, మాంసపు కొవ్వులలో ఉండే సంతృప్త కొవ్వు పదవ వంతుకు లోపు. 2000 కేలరీలు తినేవారికి ఇది దాదాపు 22 గ్రాములు. పీచు పదార్థం కనీసం 25 గ్రాములు.

మార్గదర్శకాలే మాటిమాటికీ మారుతుంటే వాటిని నమ్మడమెలా అని ఆక్షేపించేవారున్నారు. ఆక్షేపణలో కొంత న్యాయం లేకపోలేదు. అమెరికా వ్యవసాయశాఖ 1992లో ప్రచురించిన ఆహార పిరమిడ్ అడుగున రొట్టె, అన్నం, పాస్తాలను రోజుకు ఆరు నుంచి పదకొండు వడ్డనల వరకు తినవచ్చునని ఉండేది. కొవ్వులన్నిటినీ మంచిచెడుల విచక్షణ లేకుండా శిఖరాన కూర్చోబెట్టి దూరం పెట్టారు. ఫలితంగా కొవ్వు తీసివేసి చక్కెర దట్టించిన బిస్కట్లు ఆరోగ్యాహారంగా చెలామణి అయ్యాయి. 2011లో పిరమిడ్ పోయి పళ్ళెం వచ్చింది. ఆహారంలోని కొలెస్టరాల్‌కు రోజుకు 300 మిల్లీగ్రాములన్న పరిమితి 2015-20 మార్గదర్శకాలలో తొలగిపోయింది. అయితే ఇన్ని మార్పులలోనూ చెక్కుచెదరనివి కొన్ని ఉన్నాయి. కూరగాయలు ఎక్కువ తినండి, పప్పులు తినండి, పొట్టు తీయని ధాన్యం మేలు, చక్కెర, ఉప్పు తగ్గించండి అన్న మాటలను ఏ దశాబ్దంలోనూ ఎవరూ వెనక్కు తీసుకోలేదు. పథ్యాలను తూచడానికి ఈ స్థిరమైన భాగం చాలు.

తెలుగు పళ్ళెం తూకంలో

పథ్యాల వంతు రాకముందు ఇంటి భోజనాన్నే ఒకసారి త్రాసులో పెట్టి చూడటం న్యాయం. తెలుగువారి భోజనానికి ఒక క్రమం ఉన్నది. మొదట పప్పన్నం, తరువాత కూరన్నం, ఆ తరువాత పులుసో చారో, చివరకు పెరుగన్నం. పేర్లు నాలుగు గాని, ప్రతిసారీ అడుగున ఉండేది అన్నమే. అమెరికా కొలత కప్పుతో ఒక కప్పు తెల్ల అన్నంలో సుమారు 205 కేలరీలు, 45 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. మధ్యాహ్నం మూడు కప్పులు, రాత్రి రెండు కప్పులు, ఉదయం మూడు ఇడ్లీలు తిన్నవారి కడుపులోకి రోజుకు 330 గ్రాముల దాకా ధాన్యం వెళుతుంది. అంటే 2000 కేలరీలలో 1150 వరకు, శాతంలో చెప్పాలంటే 57కు పైగా, ఒక్క బియ్యం నుంచే వస్తున్నది. ఉండవలసినది 45.

ఎక్కడ ఎక్కువైనదో తెలిసినప్పుడు ఎక్కడ తక్కువైనదో వెతకడం కష్టం కాదు. ఒక గరిటె ముద్దపప్పులోనో, పాలకూర పప్పులోనో ఉండే కందిపప్పు తూకం పాతిక గ్రాములు దాటదు. అందులో మాంసకృత్తులు ఐదారు గ్రాములే. చారులో పప్పు తేట మాత్రమే ఉంటుంది. అరవై కిలోల మనిషికి రోజుకు కనీసం 50 గ్రాములు, శాకాహారం మాత్రమే తినేవారికి 60 గ్రాముల వరకు మాంసకృత్తులు కావాలి. రెండు పూటలా రెండు గరిటెల పప్పుతో, ఒక గిన్నె పెరుగుతో ఆ లెక్క తేలదు. కూర విషయానికి వస్తే, పళ్ళెం అంచున వడ్డించుకునే బెండకాయ వేపుడు వంద గ్రాములైతే గొప్ప. 400 గ్రాములెక్కడ, ఈ వంద ఎక్కడ? బంగాళాదుంప వేపుడును కూరగాయల ఖాతాలో వ్రాసుకోవడం ఆత్మవంచనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 400 గ్రాములలో దుంపలకు చోటు లేదు.

2020లో 21 దేశాలలోని లక్షా ముప్పైవేల మందికి పైగా ప్రజలపై ప్రచురితమైన ఒక సుదీర్ఘ పరిశీలనలో, దక్షిణాసియావాసులలో రోజుకు 450 గ్రాములు, అంటే దాదాపు మూడు కప్పులు, అంతకు మించి తెల్ల అన్నం తినేవారికి, 150 గ్రాములకు లోపు తినేవారికంటే మధుమేహం వచ్చే అవకాశం 61 శాతం ఎక్కువగా కనిపించింది. ఇటువంటి పరిశీలనలు సంబంధాన్ని చూపుతాయే గాని కారణాన్ని నిరూపించవు. అయినా ఉపేక్షించదగిన అంకె కాదు.

పొలం దున్ని, నీళ్ళు మోసి, మైళ్ళు నడిచిన తరాలకు ఈ పళ్ళెం సరిపోయింది. కారులో ఆఫీసుకు వెళ్ళి, కంప్యూటర్ ముందు పది గంటలు కూర్చుని, కారులో తిరిగివచ్చే మనిషికి అదే పళ్ళెం వడ్డిస్తే మిగులుబాటు నడుముచుట్టూ చేరుతుంది. పథ్యాల విజయ రహస్యం చాలావరకు ఇక్కడే దాగి ఉన్నది. అన్నం వద్దన్న పథ్యమైనా, నూనె వద్దన్న పథ్యమైనా, రాత్రి భోజనమే వద్దన్న పథ్యమైనా ఈ మిగులులో ఏదో ఒక భాగాన్ని కోస్తుంది. అందువల్ల బరువు తగ్గుతుంది. కీర్తి మాత్రం పథ్యానికి దక్కుతుంది.

అన్నం మానించే పథ్యాలు

పిండిపదార్థాలను త్యజించి సన్నబడే పద్ధతి కొత్తది కాదు. లండన్‌లో శవపేటికల వ్యాపారం చేసే విలియం బాంటింగ్ 1863లో తన స్థూలకాయం ఎలా తగ్గినదో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానడమే అందులోని కిటుకు. 1972లో న్యూయార్క్ వైద్యుడు రాబర్ట్ ఆట్కిన్స్ ఇదే భావాన్ని విస్తరించి గ్రంథం వ్రాశాడు. ఆయన పద్ధతిలో మొదటి రెండు వారాలు పిండిపదార్థం రోజుకు 20 గ్రాములకు మించరాదు. అంటే రోజు మొత్తానికి అరకప్పు అన్నం కూడా లేదు. నేటి కీటో పథ్యం దీనికి దగ్గరి బంధువు. ఆ పేరు మాత్రం వైద్యశాలలో పుట్టినది. 1921లో మేయో క్లినిక్‌కు చెందిన రస్సెల్ వైల్డర్, మూర్ఛరోగులకు ఉపవాసంతో కలిగే మేలును ఉపవాసం లేకుండానే కలిగించడానికి కొవ్వు అధికంగా ఉండే ఆహారాన్ని ప్రతిపాదించి కీటోజెనిక్ అని పేరు పెట్టాడు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు, వైద్యుల పర్యవేక్షణలో, ఈనాటికీ దానిని వాడుతున్నారు.

అన్నం మానిన మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గడం చూచి ఆశ్చర్యపడనివారుండరు. దీని వెనుకనున్న మర్మం సరళమైనది. శరీరం కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో సుమారు 400 గ్రాములు గ్లైకోజెన్ అనే రూపంలో పిండిపదార్థాన్ని నిలువ చేసుకుంటుంది. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థం అందనప్పుడు ముందు ఈ నిలువ కరుగుతుంది, దానితోపాటు నీరూ పోతుంది. రెండు కిలోల వరకు ఇలా పోయినది కొవ్వు కాదు. ఒక కిలో కొవ్వు కరగడానికి సుమారు 7700 కేలరీల లోటు కావాలి గనుక వారంలో మూడు కిలోల కొవ్వు కరగడం సామాన్య మానవునికి సాధ్యం కాదు. పండుగనాడు రెండు బొబ్బట్లు, పులిహోర తినగానే మరునాడు రెండు కిలోలు పెరగడానికీ కారణం ఇదే. పెరిగినదీ నీరే. మనసు పాడుచేసుకోనక్కరలేదు.

ఈ మాటతో పథ్యమంతా మోసమని తీర్పు చెప్పడం కూడా తొందరపాటే. నీరు పోయిన తరువాత కూడా బరువు తగ్గుతుంది. మాంసకృత్తులు, కొవ్వు ఉన్న భోజనం ఆకలిని ఎక్కువసేపు అణచి ఉంచుతుంది. భోజనానంతరం రక్తంలో చక్కెర ఎగబాకడం ఆగుతుంది. ట్రైగ్లిసరైడ్లు తగ్గుతాయి. అన్నం ఎక్కువై బాధపడుతున్న జాతికి ఇవి చిన్న లాభాలు కావు.

కొలబద్ద పెట్టి చూచినప్పుడు లోపాలు బయటపడతాయి. ధాన్యాలతోపాటు పప్పులు, పండ్లు, పాలు కూడా దాదాపుగా నిషిద్ధం కావడంతో పీచు పడిపోతుంది. మలబద్ధకం మొదటి నెలలోనే తలుపు తడుతుంది. కొవ్వు ఏ రూపంలో వచ్చిందన్నది మరింత ముఖ్యం. ఆంధ్ర, తెలంగాణలలో 2017-18 ప్రాంతాన వీరమాచనేని రామకృష్ణ ప్రచారంతో ఇంటింటికీ చేరిన పద్ధతిలో రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, అందులో కొబ్బరినూనెకు పెద్ద పీట. విజయవాడలోని తల్లిదండ్రులు చెప్పగా డాలస్‌లోని పిల్లలు, డాలస్ వారు చెప్పగా న్యూజెర్సీ స్నేహితులు దానిని ఆచరించారు. గ్రాము కొవ్వుకు తొమ్మిది కేలరీల చొప్పున 70-100 గ్రాములంటే 630 నుంచి 900 కేలరీలు. ద్రవాహారం మీద ఉన్న రోజులలో అటు ఇటుగా అంతే ఆహారం. అంత తక్కువ తిన్నప్పుడు ఎవరైనా తగ్గవలసినదే, అందులో కొబ్బరినూనె మహిమ వెతకనక్కరలేదు. పైగా కొబ్బరినూనెలో పదింట ఎనిమిది పాళ్ళకు పైగా సంతృప్త కొవ్వు. రెండు పెద్ద చెంచాలతోనే రోజుకు చెప్పిన 22 గ్రాముల హద్దు దాటిపోతుంది. ఇటువంటి పథ్యంలో కొందరికి చెడ్డ కొలెస్టరాల్ అన్న ఎల్.డి.ఎల్. గణనీయంగా పెరుగుతుంది. తండ్రికో, అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన ఇంటివారు, బరువు తగ్గినందుకు సంతోషించి, మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించుకోకపోవడం ప్రమాదకరం. మాంసకృత్తులు చాలక శరీరం కండనే కరిగించుకోవడం మరొక నష్టం. త్రాసు ముల్లుకు కండకూ కొవ్వుకూ తేడా తెలియదు.

అన్నానికి బదులు కొర్రలు, అరికెలు, సామలు తినే పద్ధతి ఇంతకంటే సౌమ్యమైనది. పీచు ఎక్కువ, మాంసకృత్తులు కొంత ఎక్కువ. అయితే వంద గ్రాముల కొర్రలలోనూ అరవై గ్రాములు పిండిపదార్థమే. బియ్యం తిన్నంత కొర్రలు తింటే లెక్క పెద్దగా మారదు.

నూనె మానించేవి, పూట మానించేవి

రెండవ తెగ కొవ్వును శత్రువుగా చూస్తుంది. కాలిఫోర్నియా వైద్యుడు డీన్ ఆర్నిష్ పద్ధతిలో కొవ్వు మొత్తం శక్తిలో పది శాతమే. ఆహారం దాదాపు పూర్తిగా శాకాహారం. 1990లో గుండెరోగులపై ఆయన ప్రచురించిన పరిశోధన పేరు పొందింది గాని, అందులో పథ్యంతోపాటు వ్యాయామం, ధ్యానం, పొగత్రాగడం మానడం కూడా ఉన్నాయి. పరీక్షకు లోనైనవారి సంఖ్య యాభైకి మించదు. ఏ భాగానికి ఎంత ఫలమో విడదీయలేము. తెలుగునాట మంతెన సత్యనారాయణ రాజు ప్రచారం చేసిన ఉప్పు, నూనె లేని వంట ఈ కోవకు చెందినదే. కూరగాయలు, మొలకలు, పండ్లు పుష్కలం కావడం, వేపుళ్ళు, చక్కెర లేకపోవడం దాని బలం. కొలబద్దలో ఈ పద్దులన్నిటా నెగ్గుతుంది. కాని శరీరం స్వయంగా తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాలు కొన్ని ఉన్నాయి. ఎ, డి, ఇ, కె విటమినులు పేగులో ఇమడటానికి కొవ్వు కావాలి. నూనె మానేవారు నువ్వులు, వేరుశనగ, అవిసె గింజలైనా విడువకూడదు. ఉప్పు పూర్తిగా మానినవారికి అయోడిన్ ఎక్కడినుంచి వస్తుందన్నది ఆలోచించవలసిన విషయం. పాలు, పెరుగు కూడా మానిన శాకాహారికి బి-12 విటమిను మాత్ర తప్పనిసరి. మొక్కలలో అది లభించదు. దీర్ఘకాలం లోపిస్తే కాళ్ళు తిమ్మిర్లెక్కడం, మతిమరపు కలుగుతాయి. పెరిగిన వయసు లక్షణమని సరిపెట్టుకుంటే నరాలకు కలిగిన నష్టం తిరిగి రాదు.

మూడవ తెగ ఏమి తినాలో చెప్పదు, ఎప్పుడు తినాలో చెబుతుంది. పదహారు గంటల ఉపవాసం, ఎనిమిది గంటలలో భోజనం. లంఖణం పరమౌషధమని విని పెరిగినవారికి, ఏకాదశి తెలిసినవారికి ఇది సులభంగా రుచిస్తుంది. 2016లో యోషినోరి ఓసుమికి నోబెల్ బహుమతి వచ్చిన నాటినుంచి దీనికి శాస్త్రీయ కిరీటం కూడా తొడిగారు. ఆయన కనుగొన్నది ఈస్టు కణాలు తమలోని పాత భాగాలను తామే జీర్ణించుకునే యంత్రాంగం. బరువు తగ్గే పద్ధతిని ఆయన పరీక్షించనూ లేదు, బహుమతి దానికి రానూ లేదు. మనుషులపై జరిగిన పరీక్షలలో ఒకటి 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి వెలువడింది. 139 మంది స్థూలకాయులకు ఒకే పరిమితిలో కేలరీలిచ్చి, సగంమందిని ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపలే తినమన్నారు. ఏడాది చివర వేళ పాటించినవారు 8 కిలోలు, పాటించనివారు 6.3 కిలోలు తగ్గారు. ఈ తేడా గణితశాస్త్రరీత్యా లెక్కకు వచ్చేది కాదు. అర్ధరాత్రి టీవీ ముందు జంతికలు, మిక్చరు తినే అలవాటున్నవారికి తలుపు మూయడం మేలు చేస్తుంది. ఆ ఎనిమిది గంటలలోనూ మునుపటి పళ్ళేన్నే రెండింతలుగా తినేవారికి గడియారం ఏమీ చేయదు.

ప్రచారం లేని రెండు పథ్యాలు

ఎవరి పేరూ లేకపోవడం వల్లనో ఏమో, డాష్ అన్న పథ్యం విందులలో చర్చకు రాదు. రక్తపోటును ఆహారంతో తగ్గించవచ్చునా అని తెలుసుకోవడానికి అమెరికాలో 459 మందికి వండి పెట్టి మరీ పరీక్షించి, 1997లో ఫలితాలు ప్రకటించారు. కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు, పప్పులు, గింజలు ఎక్కువ. తీపి, మాంసపు కొవ్వు తక్కువ. ఎనిమిది వారాలలో రక్తపోటు ఉన్నవారికి పై అంకె సగటున 11.4, క్రింది అంకె 5.5 తగ్గాయి. ఒక మాత్ర చేయగల పని ఇది. 2001లో ఉప్పును కూడా తగ్గించి చూడగా ఫలితం మరింత మెరుగైంది. మధ్యధరా ప్రాంతపు పథ్యం మరొకటి. ఆలివ్ నూనె, గింజలు, చేపలు, కూరలు ప్రధానమైన ఈ ఆహారంపై స్పెయిన్‌లో ఏడువేల మందికి పైగా జరిపిన పరిశోధన 2013లో వెలువడింది. వ్యక్తులను వర్గాలుగా విభజించడంలో దొర్లిన లోపాల వల్ల దానిని ఉపసంహరించి, సరిచేసి 2018లో తిరిగి ప్రచురించారు. గుండెజబ్బు, పక్షవాతం వంటి ఘటనలు సుమారు 30 శాతం తక్కువన్న నిర్ణయం రెండవసారీ నిలిచింది. తప్పును ఒప్పుకుని దిద్దుకున్న పరిశోధనకు, ఎన్నడూ పరీక్షకే నిలబడని పథ్యానికంటే ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంటుంది.

ఈ రెండింటినీ తెలుగు వంటింట్లోకి తేవడానికి ఆలివ్ కాయలు కొననక్కరలేదు. అన్నంలో కూర కలుపుకునే అలవాటును కూరలో అన్నం కలుపుకునే అలవాటుగా మార్చుకుంటే సగం పని అవుతుంది. ఒక కప్పు అన్నం, రెండు కప్పుల కూర, చిక్కటి పప్పు రెండు గరిటెలు, వెన్న తీసిన పెరుగు ఒక గిన్నె. పెరుగన్నంలో అన్నం బదులు తురిమిన దోసకాయ, కారెట్ కలిపితే అది పచ్చడి వరుసలోకి వెళ్ళిపోతుంది. ఇంట్లో పెద్దలు మొదట నొసలు చిట్లించినా నాలుగు రోజులకు అలవాటు పడతారు. పెసరట్టు ఈ కొలబద్దకు ఇడ్లీ, దోసెలకంటే బాగా సరిపోతుంది. బియ్యం కలపని పెసరపిండి అంతా పప్పే, ఉప్మా మాత్రం లోపల పెట్టకుండా ఉంటే. గట్టి చిక్కు ఉప్పు దగ్గరే వస్తుంది. ఆవకాయ, గోంగూర, అప్పడం, చారు, పులుసు అన్నిటా ఉప్పు ఉన్న భోజనంలో ఒక చిన్న చెంచా హద్దు నిలబడదు. ఊరగాయను నాలుకకు తగిలించుకునేంతకు తగ్గించడం తెలుగువారికి అన్నం మానడంకంటే కష్టమని చెప్పక తప్పదు.

ఏ పథ్యం ఎక్కువ తగ్గిస్తుందన్న వాదానికి పరిశోధకులు పోటీలే పెట్టి చూచారు. 2005లో బోస్టన్‌లో 160 మందిని ఆట్కిన్స్, ఆర్నిష్‌లతో సహా నాలుగు పథ్యాలకు పంచగా, ఏడాదికి అన్ని వర్గాలూ సగటున రెండు మూడు కిలోలే తగ్గాయి. కఠినమైన రెండు చివరలా ఉన్న ఆట్కిన్స్, ఆర్నిష్ వర్గాలలో సగానికి సగం ఏడాది నిండకుండానే విరమించారు. ఎవరు ఏ పథ్యం పాటించారన్నదానికంటే ఎంత నిష్ఠగా పాటించారన్నదే బరువుతో ముడిపడి ఉన్నది. 2018లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిపై జరిపిన పరీక్షలో కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఇక్కడా తేడా లెక్కకు రాదు. ఇరు వర్గాలకూ సమానంగా చెప్పిన మాటలు మూడు: కూరగాయలు ఎక్కువ తినండి, చక్కెర, మైదా తగ్గించండి, ఇంట్లో వండుకోండి. ఈ పరీక్షలో సగటులకంటే ఆసక్తికరమైనది వ్యక్తుల మధ్య తేడా. ఒకే వర్గంలో కొందరు పాతిక కిలోలకు పైగా తగ్గగా, మరికొందరు పెరిగారు. జన్యువులను పరీక్షించి, ఇన్సులిన్ కొలిచి ఎవరికి ఏది పనిచేస్తుందో ముందుగా చెప్పగలమేమోనని చూచారు, చెప్పలేకపోయారు. పొరుగింటివారికి ఫలించింది గనుక తనకూ ఫలిస్తుందనుకోవడానికి, తనకు ఫలించలేదు గనుక తన నిష్ఠలో లోపమనుకోవడానికి కూడా ఆధారం లేదు.

సన్నగా కనిపించే లావు

త్రాసు ముల్లుకు తెలియని మరొక విషయం ఉన్నది. 2004లో ఇద్దరు వైద్యుల ఛాయాచిత్రం లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది. ఒకరు పూణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగిన బరువును సూచించే బి.ఎం.ఐ. ఇద్దరిదీ సరిగ్గా 22.3. పరికరంతో శరీరంలోని కొవ్వును కొలవగా ఆంగ్లేయునిలో 9.1 శాతం, భారతీయునిలో 21.2 శాతం తేలింది. సన్నని చేతులు, సన్నని కాళ్ళు, లోపల కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు: భారతీయ శరీర నిర్మాణపు తీరు ఇది. అందువల్లనే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో, ఇతరులకు 25 దగ్గర మొదలుపెట్టే మధుమేహ పరీక్షను ఆసియా సంతతివారికి బి.ఎం.ఐ. 23 దగ్గరే మొదలుపెట్టాలని సూచించింది. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే బరువు ఎంతైనా జాగ్రత్త పడాలి. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి 23 అంటే దాదాపు 69 కిలోలు. లావు అని ఎవరూ అనని బరువు అది.

కనుక తెలుగు కుటుంబాలు పథ్యాన్ని తూచేటప్పుడు కిలోలతోపాటు నడుము కొలతను, మూడు నెలల సగటు చక్కెరను చూపే ఏ1సీ పరీక్షను, కొలెస్టరాల్‌ను చూడాలి. పదిహేనేళ్ళ కుమార్తె తల్లితోపాటు కీటో మొదలుపెడతానన్నప్పుడు ఈ లెక్కలేవీ వర్తించవు. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఆహార వర్గాలను నిషేధించే పథ్యాలు తగవు. ఇంట్లో అమ్మానాన్నలు ప్రతి ఉదయం త్రాసెక్కి నిట్టూర్చడం పిల్లలు గమనిస్తూనే ఉంటారు.

మందులు వాడేవారు

కఠిన పథ్యంతో మధుమేహాన్ని వెనక్కు నెట్టవచ్చునని 2017లో బ్రిటన్‌లో ప్రకటితమైన డైరెక్ట్ పరిశోధన చూపింది. జబ్బు వచ్చి ఆరేళ్ళు దాటనివారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం ఇవ్వగా, ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులో ఉన్నది. ఈ వార్తను చదివినవారు తరచుగా దాటవేసే వాక్యం ఒకటి ఉన్నది. ఆ పరిశోధనలో మొదటి రోజునే వైద్యులు మధుమేహపు మందులను, రక్తపోటు మందులను ఆపివేశారు. ఆ తరువాత నర్సులు, పోషకాహార నిపుణులు క్రమం తప్పక చూస్తూ వచ్చారు.

ఆరు నెలల వీసాపై గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన తల్లిదండ్రులు సంచీ నిండా మాత్రలు తెచ్చుకుంటారు. పిల్లలు చేస్తున్న పదహారు గంటల ఉపవాసాన్ని ఉత్సాహంతో తామూ మొదలుపెడతారు. మాత్రలు మాత్రం అలవాటు ప్రకారం వేళకు వేసుకుంటారు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ సూదిమందు తిండి ఉన్నా లేకున్నా చక్కెరను తగ్గిస్తూనే పోతాయి. చెమటలు, వణుకు, మాట తడబడటం, స్పృహ తప్పడం దీని వరుస. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలతో చిక్కు వేరు. వాటిని వేసుకుంటూ అన్నం పూర్తిగా మానితే రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పెరగవచ్చు. అప్పుడు చక్కెర అంకె దాదాపు మామూలుగానే ఉండటం వల్ల వాంతులు, ఆయాసం వచ్చినా అసలు కారణం ఎవరికీ తట్టదు. అమెరికాలో బీమా పరిమితంగా ఉన్న అతిథికి ఆస్పత్రిలో ఒక్క రాత్రి ఎంత ఖర్చో చెప్పనక్కరలేదు. మందుల పేర్లు, మోతాదులు ఒక కాగితంపై వ్రాసుకుని, స్వదేశంలోని వైద్యునికి ఫోన్ చేసి, ఏ మాత్ర ఎంత తగ్గించాలో, ఏది ఆపాలో అడిగి తెలుసుకున్న తరువాతనే పెద్దలచేత మొదటి పూట మానిపించాలి.